పెద్దాయన బేరాలు

పదునున్న కత్తిని మొద్దు చెయ్యడమూ ఒక పనే. గట్టిగా రుద్దితే అంచు పెచ్చులు లేస్తుంది, సాన పట్టే మనిషికి అనుమానం వస్తుంది. మెల్లగా రుద్దితే ఓ పట్టాన అరగదు. లిఫ్ట్ మెకానిక్ ఈ రెండేళ్లలో ఎంత రుద్దాలో అంతే రుద్దడం నేర్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం కూడా లిఫ్టు తాళ్లు చూసి, మోటారుకి నూనె వేసి, గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుని, భవనం నెత్తి మీదున్న మోటారు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. సంచిలోంచి కత్తులూ కత్తెరలూ తీసి సిమెంటు గట్టు అంచున ఒక్కొక్కటే వాలుగా గియ్యడం మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తే ఏదో మరమ్మతు అనుకుంటారు. బంగారంలాంటి పదునుని చేజేతులా పాడుచేస్తున్నాడని ఎవరికి తడుతుంది?

ఆ పదును పెట్టింది అతని తండ్రే. మళ్లీ పెట్టబోయేదీ ఆయనే.

ఈ రోజుల్లో కత్తికి సాన పట్టించుకునేవాడు ఎవడు? తెగకపోతే అవతల పారేసి కొత్తది కొనుక్కుంటారు. పెద్దాయన మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, ముందు గదిలో చక్రం దగ్గర కూర్చుని, వీధి వైపు చెవి పెట్టుకుని ఎదురుచూసేవాడు. అలా ఎదురుచూసి చూసి ఆయన అన్నం మానేస్తుంటే చూడలేక, కొడుకు ఒకరోజు మీసాల వాచ్‌మన్‌ని బతిమాలి, చేతిలో ఒక కత్తెరా, కూలి డబ్బులూ పెట్టి ఇంటికి పంపించాడు. ఆ రాత్రి పెద్దాయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అంతే, అక్కణ్ణుంచి ఇది ఆనవాయితీ అయిపోయింది. వాచ్‌మన్ తర్వాత టీకొట్టామె, ఆమె తర్వాత పొట్టి టైలరు, ఇంకా లిఫ్టులున్న భవనాల్లో తెలిసినవాళ్లందరూ తలా ఓసారి వెళ్లొచ్చేవారు. పెద్దాయన వారం వారం ఆ డబ్బులు కోడలి చేతిలో పెట్టి, "ఇంటి ఖర్చుకి ఉంచమ్మా" అనేవాడు. నోట్లు ఇంట్లోంచి బయల్దేరి, ఊరంతా తిరిగి, మళ్లీ ఇంటికే చేరేవి.

తలుపు తోసుకుని మీసాల వాచ్‌మన్ వచ్చాడు.

"ఈసారి నాకు ఆ పెద్ద కత్తి ఇవ్వండి సార్. పోయినసారి చిన్న కత్తెర పట్టుకెళ్తే మీ నాన్నగారు ఏమన్నారో తెలుసా? 'ఇంత మీసం పెట్టుకుని ఇంత కత్తెరా' అన్నారు. పరువు పోయింది."

మెకానిక్ నవ్వాడు గానీ కత్తి ఇవ్వలేదు. "ఈ వారం ఎవరూ వెళ్లొద్దన్నా. అందరికీ చెప్పు. పన్నుల ఆఫీసు నుంచి మా ఇంటికి మనిషి వస్తున్నారు."

"అయ్యబాబోయ్. ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు. ముసలి తండ్రినో తల్లినో పోషించేవాళ్లకి పన్నులో రాయితీ ఉంది కదా, పెట్టుకున్నాను. వాళ్లకి సొంత సంపాదన ఏమీ ఉండకూడదు. ఉందో లేదో ఇంటికొచ్చి చూసి పోతారట."

వాచ్‌మన్ ఒకసారి కత్తుల వైపూ, ఒకసారి మెకానిక్ మొహం వైపూ చూసి మీసం సవరించుకున్నాడు. "మరి ఉన్నట్టా, లేనట్టా?"

మెకానిక్ కత్తులు సంచిలో పడేసి లేచాడు.

ఆ రాయితీ కోసం ఇంట్లో ఇల్లాలు కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుంది. ఆమె బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేసేది. ఆమె వేసిన గులాబీని కొయ్యడానికి జనం మనసొప్పక చుట్టూ ఉన్న కేకు తినేవారని బేకరీ యజమానురాలు చెప్పుకునేది. పోయిన చలికాలంలో పెద్దాయన స్నానాల గదిలో జారి పడ్డాక ఆయన్ని ఒంటరిగా వదలడానికి లేకపోయింది. ఆమె పని మానేసింది. జీతంలో కోసే పన్ను ఆగితే ఒక ఆయాని పెట్టుకోవచ్చు, ఆయా ఉంటే ఆమె మళ్లీ పనిలోకి వెళ్లొచ్చు. ఒకటో తారీఖు లోపల వస్తావో రావో చెప్పు, లేకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానని యజమానురాలు కబురు చేసింది. ఆమె రోజూ వెనక వసారాలో గిన్నెలు తోముతూ తడి గచ్చు మీద వేలితో పూలు వెయ్యడం మెకానిక్ చూశాడు. చూసి, చూడనట్టు లోపలికి పోయాడు.

బేరాలు రాకపోయేసరికి రెండోనాటికే పెద్దాయన డీలాపడ్డాడు.

"ఏమ్మా, ఊళ్లో కత్తులన్నీ ఒక్కసారే పదునెక్కాయా?" అన్నాడు కోడలితో.

"ఎండలు కదా మామయ్యా, ఎవరూ బయటికి రావడం లేదు."

"ఎండకీ కత్తికీ ఏం సంబంధం? ఉల్లిపాయలు ఎండాకాలం మెత్తబడతాయా?"

ఆఫీసు మనిషి వచ్చే పొద్దున కోడలు ఆయనకి ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, మంచం మీద కూర్చోబెట్టింది. సాన చక్రాన్ని మూలకి జరిపి దాని మీద దుప్పటి కప్పింది. ఎవరొస్తున్నారని ఆయన అడిగితే, "ఆఫీసు వాళ్లు, ఓసారి మిమ్మల్ని చూసి పోతారు" అని మాత్రం చెప్పింది. మిగతాది చెప్పమని భర్తకి కళ్లతో సైగ చేసింది. 'నాన్నా, నీకు ఏ సంపాదనా లేదనీ, నువ్వు నా మీద ఆధారపడి బతుకుతున్నావనీ ఆఫీసు వాళ్లతో చెప్పు.' ఇంతే చెప్పాల్సింది. మెకానిక్ నోరు తెరిచాడు, తండ్రి చొక్కా గుండీ సరిగ్గానే ఉన్నా విప్పి మళ్లీ పెట్టాడు. గుండీ పెట్టడం అయిపోయేసరికి తలుపు చప్పుడైంది.

ఆఫీసరమ్మ నడివయసు మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, పెద్దాయనకి నమస్కారం పెట్టి మరీ కూర్చుంది. ఈ మనిషి కోపిష్టిదైనా బావుండేదని మెకానిక్‌కి తర్వాత చాలాసార్లు అనిపించింది. తిట్టుకోవడానికైనా ఒకరు దొరికేవారు.

"బాబాయిగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?"

"దానికేం, రాయిలా ఉన్నాను."

"మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?"

"ఒకరు చూసుకునేదేముందమ్మా. అందరం ఒకరినొకరం చూసుకుంటాం."

"అంటే, మీరు మీ అబ్బాయి మీద ఆధారపడి ఉన్నారు. అంతేనా?"

పెద్దాయన నవ్వు ఆపేశాడు. కోడలి వైపు చూశాడు. పరాయి మనిషి ముందు, కోడలు వింటుండగా, ఆ ప్రశ్నకి అవునని ఏ మామగారు అంటాడు? నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"ఆధారపడటం ఏంటమ్మా? నా చేతి కింద పనుంది. కత్తి ఉన్నవాడు నా దగ్గరికి రావాల్సిందే. రోజుకి పదిమందికి తక్కువ రారు. వీడి జీతం వీడిది, నా సంపాదన నాది. వారం వారం అమ్మాయి చేతిలో పోస్తాను. అడుగు, ఇక్కడే ఉందిగా."

ఆఫీసరమ్మ ఇల్లాలి వైపు చూసింది. ఇల్లాలు నేల చూపులు చూసింది.

"ఇప్పుడు బేరాలు కాస్త తగ్గాయిలే, ఎండలు" అన్నాడు పెద్దాయన, ఆ మౌనం నచ్చక. "ఒరేయ్, ఆ దుప్పటి తియ్. చక్రానికి చలేస్తోందా? అమ్మా, నీ దగ్గర కత్తో కత్తెరో ఉంటే ఇటివ్వు."

ఆమె మొహమాటపడుతూనే సంచిలోంచి ఫైళ్ల దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసింది. "ఇది అసలు తెగదండీ. పళ్లతో కొరుక్కుంటున్నాను."

కత్తెర అందుకోగానే పెద్దాయన వేరే మనిషి అయ్యాడు. కొడుకు భుజం పట్టుకుని వచ్చి ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నిలబడితే వణికే కాలు తొక్కుడు చెక్క మీద పడగానే కుదురుకుంది. పైన వేలాడే చిల్లు డబ్బాలోంచి నీటి చుక్కలు రాయి మీద పడుతున్నాయి. కళ్లు మసకే అయినా ఆయనకి వాటితో పని లేదు. అంచు రాయిని తాకే చప్పుడు వింటూ, గరగరమన్న శబ్దం సన్నబడి సన్నబడి ఇక వినపడనంత అయ్యేదాకా ఆగి, కత్తెర ఎత్తి అంచుని బొటనవేలి గోటి మీద ఆనించాడు. జారలేదు, పట్టుకుంది. మర ఒక చుట్టు బిగించి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

ఆఫీసరమ్మ ఒక దారం తీసి కత్తిరించింది. ఇంకోటి కత్తిరించింది. "అబ్బ" అంది, చిన్నపిల్లలా. పర్సు తెరిచింది.

"వద్దు మేడమ్, వద్దు" అన్నాడు మెకానిక్ కంగారుగా.

"నువ్వూరుకో. చేసిన పనికి ఇస్తుంటే వద్దనడానికి నువ్వెవరు?" అని పెద్దాయన చెయ్యి చాపి నోటు తీసుకుని, కళ్లకద్దుకుని కోడలికిచ్చాడు.

రెండేళ్లలో తన డబ్బు తాను తీసి ఇచ్చిన బేరం ఆమె ఒక్కతే. ఆమె కాగితం మీద ఏదో రాసుకుని లేచింది.

మెకానిక్ వెనకాలే పరుగెత్తి మెట్ల మీద ఆమెని ఆపాడు. వాచ్‌మన్ సంగతి, టీకొట్టామె సంగతి, మోటారు గదిలో సిమెంటు గట్టు సంగతి అన్నీ చెప్పేశాడు. చెప్తుంటే సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడాలో మాత్రం అర్థం కాలేదు. ఆఫీసరమ్మ మెట్ల కమ్మీని పట్టుకుని అంతా ఓపిగ్గా వింది.

"మీరు చెప్పింది నేను నమ్ముతాను" అంది. "కానీ నేను నమ్మితే సరిపోదు కదండీ. ఆయనకి వృత్తి ఉందని నా కళ్లతో చూశాను. డబ్బు నేనే ఇచ్చాను. ఇప్పుడు లేదని రాయాలంటే ఆయనే ఆఫీసుకొచ్చి, గడిచిన ఏడాదంతా నాకు సంపాదన లేదని చెప్పి సంతకం పెట్టాలి. మీ సంతకం చెల్లదు. ఈ వారంలోపల తీసుకురండి."

"ఆయనకి ఇదంతా తెలియదు మేడమ్."

"తెలియాలి కదా మరి" అంది ఆమె. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు సంచి సర్దుకుని, దిగి వెళ్లిపోయింది.

రెండు రోజులు భార్య అతన్ని చెప్పమని పోరింది. మూడో రోజు పొద్దున ఇల్లాలు ఇక ఆగలేకపోయింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏమని చెప్తాం? నీ దగ్గరికి ఎవరూ రావడం లేదు నాన్నా, మేమే డబ్బులిచ్చి పంపిస్తున్నామనా?"

"ఆయన పరువు సరే. నేను మనిషిని కాదా? రోజంతా ఈ నాలుగ్గోడల మధ్య ఆయన్ని కాసుకుని కూర్చుంటే నా చేతులు ఏమైపోతున్నాయో ఎప్పుడైనా చూశారా?"

అతను చూశాడు. గోడకి ఆనుకున్నాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని? తండ్రి కాళ్లు పట్టుకుని ఏడవాలో, భార్య కాళ్లు పట్టుకుని ఏడవాలో తెలియని స్థితి పగవాడికి కూడా వద్దు.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని ముందు గదిలోకి వెళ్లింది. అతను గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"మామయ్యా, మీకో మాట చెప్పాలి. మీకు సంపాదన ఉన్నందుకు ఆయనకి పన్ను రాయితీ రాకుండా పోతోంది. అది వస్తే ఆయాని పెట్టుకుని నేను బేకరీకి వెళ్లొచ్చు."

ఇంకో మాట ఉంది. అసలు మాట అదే. దాని కోసం ఆమె ఊపిరి పీల్చుకుంది.

పెద్దాయన చెయ్యెత్తాడు. "ఓస్, ఇంతేనా. ఈ మాట ముందే చెప్తే పోయేది కదమ్మా." చక్రం మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిమిరాడు. "మానేస్తాను. నా బేరాలు ఎక్కువా, నువ్వెక్కువా? ఎంతమంది వచ్చి కాళ్లావేళ్లా పడినా సరే, ఇవాళ్టితో సరి. ఇన్నాళ్లూ నువ్వు నా కోసం మానుకున్నావు, ఇప్పుడు నేను నీ కోసం మానుకుంటాను. పదండి ఆఫీసుకి, ఎక్కడ పెట్టాలో చూపిస్తే సంతకం పెడతాను."

ఇల్లాలు పీల్చిన ఊపిరి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి భర్తని చూసింది. ఆ చూపులో కోపం లేదు. చేతకాలేదన్న మాట ఒక్కటే ఉంది.

పన్నుల ఆఫీసులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెకానిక్ తండ్రిని వీపున వేసుకుని మెట్లెక్కాడు. "ఊళ్లో లిఫ్టులన్నీ నువ్వే చూస్తానంటావు, ఇది ఎవడిదిరా?" అన్నాడు పెద్దాయన చెవి దగ్గర. "వేరే కంపెనీది నాన్నా." "అదీ సంగతి. పనితనం లేని కంపెనీ." వెనకాల చేతికర్ర పట్టుకుని వస్తున్న ఇల్లాలు ఫక్కున నవ్వింది. ఆ నాలుగైదు మెట్ల పాటు ముగ్గురికీ హాయిగానే ఉంది.

ఆఫీసరమ్మ కుర్చీ వేయించి పెద్దాయన్ని కూర్చోబెట్టింది. కాగితం తీసింది.

"బాబాయిగారూ, మీకు సంపాదన ఏమీ లేదని రాసుకోమంటారా?"

"రాసుకోమ్మా. మానేశాను. మొన్న నీ కత్తెరే ఆఖరు."

"మంచిది. అయితే ఈ కాగితం గడిచిన ఏడాదికండీ. ఏడాది మొత్తంలో మీకు సంపాదన లేదని చెప్పాలి. అంటే, ఆ వచ్చిన బేరాలు..." ఆమె ఆగింది. మెకానిక్ వైపు చూసింది. కలం మూత తీసి పట్టుకుని, తొందరేం లేదన్నట్టు ఎదురుచూసింది.

చెప్పాల్సిన చోటూ అదే, సమయమూ అదే. ఒక్క మాట చాలు. మెకానిక్ మూత తీసిన ఆ కలాన్నే చూస్తున్నాడు. పక్కన భార్య పైట చెంగు వేలికి చుట్టి విప్పుతోంది. ఆమె అన్నా అనొచ్చు. కానీ ఆమె పెద్దాయన భుజం మీద జారిన కండువా సర్ది, అలాగే నిలబడిపోయింది.

"ఏడాదంతా లేదని ఎలా చెప్తానమ్మా?" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "రెక్కలు ముక్కలు చేసుకున్నాను. లేదని సంతకం పెడితే నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ అబద్ధమైపోరూ?"

ఆఫీసరమ్మ కలానికి మూత పెట్టేసింది. ఈ ఏడాదికి కుదరదనీ, వచ్చే ఏడాదికి మళ్లీ పెట్టుకోవచ్చనీ, అప్పటిదాకా ఆయన ఏ పనీ చెయ్యకుండా ఉండాలనీ మెకానిక్‌ని పక్కకి పిలిచి చెప్పింది. పెద్దాయనకి వినపడకుండా చెప్పడం ఆమె మంచితనమే. అతను తలూపాడు. తలూపడం తప్ప ఇంకేం చెయ్యగలడు?

ఇంటికొచ్చి మంచం మీద కుదురుకున్నాక పెద్దాయన అడిగాడు. "ఏమ్మా, ఆవిడేమంది చివరికి? అయినట్టేనా?"

మెకానిక్ గొంతు సవరించుకునేలోపల ఇల్లాలు, "అయింది మామయ్యా" అంది. "మీరు మానేశారు కదా, ఇంకేం అడ్డు."

అతను ఆమె మొహం చూడలేకపోయాడు. నిజం చెప్పెయ్యమని వారమంతా పోరిన మనిషి ఆమె. ఆ నిజం వల్ల బాగుపడాల్సిన మనిషీ ఆమె. ఆమె నోటి వెంటే ఆ అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది.

పెద్దాయన తృప్తిగా తలపంకించాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి, "ఒరేయ్, నా బేరాల సంగతేంటి? రేపటి నుంచి వచ్చి తలుపు కొడితే? నేను కాదనలేను, నా నోటంట ఆ మాట రాదు. నువ్వెళ్లి అందరికీ చెప్పిరా. ఫోన్లో కాదు, మనిషివి వెళ్లి చెప్పు. ఇన్నాళ్లు నమ్ముకుని వచ్చారు" అన్నాడు.

మెకానిక్ చెప్పులేసుకుని వీధి చివరి బస్సు స్టాపు దాకా నడిచాడు. బల్ల మీద కూర్చున్నాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ బేరాలన్నీ అతనే. వచ్చే బస్సుల్నీ పోయే బస్సుల్నీ చూస్తూ, అన్ని ఇళ్లూ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించి, అంతసేపూ కూర్చుని వెనక్కొచ్చాడు.

పెద్దాయన గుమ్మం వైపు తిరిగి కూర్చునున్నాడు. "చెప్పావా?"

"చెప్పాను నాన్నా."

"మీసాలాయన ఏమన్నాడు?"

"బాధపడ్డాడు. ఆ చెయ్యి ఇంకెవరికి వస్తుంది అన్నాడు."

"టీకొట్టామె?"

"ఆవిడ... కళ్లనీళ్లు పెట్టుకుంది నాన్నా."

"పెట్టుకుంటుంది, మంచి మనిషి. టైలరో?"

టైలరు దగ్గరికి వచ్చేసరికి మెకానిక్ వంగి చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టాడు. తండ్రి చెవి వొగ్గి వింటున్నాడు, ఒక్కొక్కరి బాధా ఆయనకి అన్నం పెట్టినట్టుంది.

వంటగది గుమ్మంలోంచి ఇల్లాలు అందుకుంది. "టైలరు సరే మామయ్యా, మా బేకరీ ఆవిడ మీ పనితనం గురించి విందట. వాళ్ల కేకు కత్తులన్నీ మీకే ఇద్దామనుకుందట, ఒకటో తారీఖు నుంచి."

పెద్దాయన నిటారుగా అయ్యాడు. "అయ్యో. కొత్త బేరమా?"

"ఆఁ, కొత్త బేరమే."

పాపం, ఆ మనిషి ఎదురుచూస్తూ ఉంటుందేమో అనుకున్నాడు కాబోలు, "ఆశ పెట్టి ఊరుకోకూడదమ్మా. రేపు నువ్వే ఓసారి వెళ్లి, ఇక కుదరదని మర్యాదగా చెప్పిరా" అన్నాడు.

"అలాగే మామయ్యా" అంది ఆమె. "రేపు ఎలాగూ ఆ మాట చెప్పడానికే వెళ్తున్నాను."